ఇంటి కంప్యూటర్‌లో పోస్ట్‌గ్రెస్ సర్వర్: తెలుగు పేర్లు, మూడు సిస్టమ్‌లు, పోయి వచ్చే కరెంటు

ఉద్దానం (కాశీబుగ్గ) అడిగారు:

నమస్కారమండీ. మాకు చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది, ఇంటి ముందు గదే ఆఫీసు. పిక్కలు వేసిన రైతుల పేర్లు, బస్తాలు, తూకం, గ్రేడు వారీగా పప్పు, బాకీలు అన్నీ ఒకే ఎక్సెల్ ఫైలులో ఉన్నాయి. దాన్ని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి మూడు కంప్యూటర్ల నుంచి వాడుతున్నాం. ఒకరు తెరిస్తే మిగతా ఇద్దరికీ రీడ్ ఓన్లీ అంటోంది. దాంతో ఎవరికి వారు పేరు మార్చి సేవ్ చేసుకున్న కాపీలు ఎక్కువైపోయాయి, ఏది అసలు లెక్కో తేలడం లేదు.

అందుకే ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌నే డేటాబేస్ సర్వర్‌గా మార్చాలని చూస్తున్నాం. ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. మిగతా రెండూ వైఫై మీద ఉన్న ల్యాప్‌టాప్‌లు. ఏ డేటాబేస్ వేసుకోవాలి? విండోస్ ఉంచాలా, తీసేయాలా? రైతుల పేర్లు తెలుగులోనే ఉంటాయి, వెతికితే దొరకాలి. కరెంటు సంగతి మీకు తెలిసిందే, గాలివాన వస్తే చెప్పక్కర్లేదు. డేటా పోకుండా ఎలా పెట్టుకోవాలో కూడా చెప్పండి.

నాగావళి (శ్రీకాకుళం):

ఒక్క కంప్యూటరే అయితే ఎస్‌క్యూలైట్ చాలును, సర్వరే అక్కర్లేదు. మూడు సిస్టమ్‌ల నుంచి రాయాలన్నప్పుడు మాత్రం ఎస్‌క్యూలైట్ ఫైలును షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టకండి. నెట్‌వర్క్ ఫోల్డర్లలో ఫైల్ లాక్‌ను నమ్మలేం. ఇద్దరు ఒకేసారి రాస్తే ఫైలే చెడిపోవచ్చు. మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్ రెండూ మీ పనికి సరిపోతాయి. నేనైతే పోస్ట్‌గ్రెస్ వేసుకోమంటాను. తేదీ కాలమ్‌లో తేదీ కానిది, అంకెల కాలమ్‌లో అంకె కానిది పెడితే నోరు మూసుకుని తీసుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఎక్సెల్ నుంచి వచ్చేవాళ్లకు ఈ పట్టింపే కావాలి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. సర్వర్‌గా రోజంతా నెట్‌వర్క్ మీద ఉండే మెషిన్ మీద దాన్ని ఉంచడం మంచిది కాదు. దాని బదులు ఉబుంటు (ఉచిత లినక్స్) 24.04 ఎల్‌టీఎస్ వేయండి, దానికి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. ఎంత చిన్నదైనా ఒక సాటా ఎస్‌ఎస్‌డీ కొని ఓఎస్, డేటాబేస్ రెండూ దాని మీదే పెట్టండి. 250 జీబీ అయినా మీ లెక్కలకు ఏళ్ల తరబడి సరిపోతుంది. పాత 1 టీబీ డిస్క్‌ను బ్యాకప్‌కి ఉంచుకోండి. ర్యామ్ 8 జీబీ బాగానే ఉంది. ఓఎస్ వేసే ముందు ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపండి. ర్యామ్ చెడితే డేటా చడీచప్పుడు లేకుండా చెడుతుంది, ఏ సెట్టింగూ దాన్ని ఆపలేదు.

కమాండ్లు ఇక్కడ పలికినట్టుగా రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు, పెద్దది అని చెప్పిన చోట తప్ప, అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే.

ఇన్‌స్టాల్:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్

24.04లో వెర్షన్ 16 వస్తుంది. పీజీ_ఎల్‌ఎస్‌క్లస్టర్స్ అని కొడితే 16, మెయిన్, పోర్టు 5432, ఆన్‌లైన్ అని ఒక వరుస కనిపించాలి. ఆన్‌లైన్ అని లేకపోతే ముందుకు వెళ్లకండి. వార్ ఫోల్డర్‌లోని లాగ్, అందులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఫోల్డర్ తెరిచి లాగ్ ఫైలు చివరి వరుసలు చదవండి.

అడ్మిన్‌గా లోపలికి వెళ్లడానికి సుడో -యు పోస్ట్‌గ్రెస్ పీఎస్‌క్యూఎల్. ఇక్కడ పాస్‌వర్డ్ అడగదు. లినక్స్ యూజర్ పేరు, డేటాబేస్ యూజర్ పేరు ఒకటే అయితే లోపలికి వదిలే పద్ధతి ఇది, దీన్ని పీర్ అంటారు. మీ సొంత లాగిన్ నుంచి పోస్ట్‌గ్రెస్ పేరుతో వెళ్లబోతే 'పీర్ అథెంటికేషన్ ఫెయిల్డ్' అని వచ్చేది ఇందుకే. చాలామంది అది చూసి కంగారుపడి పీర్ తీసేసి ట్రస్ట్ అని పెడతారు. ట్రస్ట్ అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరినైనా రానివ్వమని. అది మాత్రం చేయొద్దు.

తర్వాత అప్లికేషన్ కోసం వేరే యూజర్, ఆ యూజర్ సొంతదారుగా వేరే డేటాబేస్:

సుడో -యు పోస్ట్‌గ్రెస్ క్రియేట్‌యూజర్ --పీడబ్ల్యూప్రాంప్ట్ జీడి
సుడో -యు పోస్ట్‌గ్రెస్ క్రియేట్‌డీబీ -ఓ జీడి లెక్కలు

ఇందులో -ఓ మాత్రం పెద్ద ఓ. అది మర్చిపోతే డేటాబేస్ సొంతదారు పోస్ట్‌గ్రెస్ అవుతుంది. వెర్షన్ 15 నుంచి మామూలు యూజర్‌కి పబ్లిక్ స్కీమాలో (టేబుళ్లు మామూలుగా ఉండే చోటు) టేబుల్ చేసే హక్కు లేదు. టేబుల్ చేయబోతే 'పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్' అంటుంది. పాత ట్యుటోరియల్స్ చూసి చేసేవాళ్లందరూ ఆగిపోయేది ఇక్కడే. ఈ రెండో కమాండ్ ఇప్పుడే కొట్టేయకండి, తెలుగు కోసం ఇంకో రెండు ముక్కలు చేర్చాలి. ఆ సంగతి వంశధార గారు చెబితే బాగుంటుంది.

మిగతా రెండు ల్యాప్‌టాప్‌ల నుంచి రావాలంటే రెండు ఫైళ్లు మార్చాలి. రెండూ ఈటీసీ లోపల పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, 16, మెయిన్ ఫోల్డర్‌లో ఉంటాయి.

మొదటిది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్. అందులో లిజన్_అడ్రెసెస్ అనే వరుస మామూలుగా లోకల్‌హోస్ట్ అని ఉంటుంది, అంటే ఈ మెషిన్ లోపలి నుంచి తప్ప ఎవరికీ పలకదు. దాన్ని నక్షత్రం గుర్తుగా మార్చండి. లోకల్‌హోస్ట్ పక్కన మెషిన్ ఐపీని నేరుగా రాస్తే ఒక చిక్కు ఉంది. కరెంటు వచ్చి అన్నీ ఒకేసారి లేచినప్పుడు రౌటర్ కంటే ముందు పోస్ట్‌గ్రెస్ లేస్తుంది. ఆ ఐపీ అప్పటికి ఉండదు. లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి లోకల్‌హోస్ట్ మీద మాత్రమే నడుస్తుంది. సర్వర్ ముందు కూర్చుంటే అంతా బాగుంటుంది, ల్యాప్‌టాప్‌లకు మాత్రం దొరకదు. రీస్టార్ట్ చేస్తే బాగైపోతుంది కాబట్టి కారణం ఎవరికీ అంతుపట్టదు.

రెండోది పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్. ఎవరు, ఎక్కడి నుంచి, ఎలా రావచ్చో ఇందులో ఉంటుంది. చివర ఒక్క వరుస చేర్చండి:

హోస్ట్ లెక్కలు జీడి 192.168.1.0/24 స్క్రామ్-ఎస్‌హెచ్‌ఏ-256

మీ రౌటర్ 192.168.0 వరుస ఇస్తుంటే అంకె ఆ ప్రకారం మార్చండి. పై నుంచి కిందికి చదువుతూ సరిపోయిన మొదటి వరుస దగ్గర ఆగిపోతుంది, కాబట్టి వరుసల క్రమం ముఖ్యం. 0.0.0.0/0 అని రాయకండి. అది ఊరంతటికీ తలుపు తీసినట్టు.

హెచ్‌బీఏ మారిస్తే రీలోడ్ చాలు. లిజన్_అడ్రెసెస్, షేర్డ్_బఫర్స్, మ్యాక్స్_కనెక్షన్స్ మారిస్తే రీస్టార్ట్ తప్పదు.

ఫైర్‌వాల్: సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఫ్రమ్ 192.168.1.0/24 టు ఎనీ పోర్ట్ 5432 ప్రోటో టీసీపీ. తర్వాత యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్. ఎస్‌ఎస్‌హెచ్ మీద (వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయి) ఉండి చేస్తుంటే ముందు ఎస్‌ఎస్‌హెచ్‌ని అలౌ చేసుకోండి, లేదంటే మీరే బయట ఉండిపోతారు.

రౌటర్‌లో ఈ డెస్క్‌టాప్ మ్యాక్ అడ్రస్‌కి ఒక ఐపీ రిజర్వ్ చేయండి. వీలైతే సర్వర్‌ను వైఫై మీద కాకుండా కేబుల్‌తో రౌటర్‌కి కలపండి. ఉబుంటు డెస్క్‌టాప్ కాసేపు ఎవరూ ముట్టకపోతే నిద్రపోవచ్చు, అది ఆపడానికి సుడో సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ స్లీప్.టార్గెట్ సస్పెండ్.టార్గెట్ హైబర్నేట్.టార్గెట్ అని ఒకసారి కొట్టేయండి.

మెమరీ సెట్టింగులు రెండు ముక్కల్లో. మెషిన్ సర్వర్‌గానే ఉంటే షేర్డ్_బఫర్స్ 2 జీబీ. మామూలుగా ఉండేది 128 ఎంబీ. అదే మెషిన్ మీద బ్రౌజర్, బిల్లింగ్ కూడా నడిపితే 1 జీబీ దాటొద్దు. వర్క్_మెమ్ 4 ఎంబీ నుంచి 16కి పెంచవచ్చు, కానీ అది సర్వర్ మొత్తానికి కాదు, ఒక్కో సార్టింగ్‌కి. ఎక్కడో చూసి 1 జీబీ పెడితే నాలుగు రిపోర్టులు ఒకేసారి నడిచిన రోజు లినక్సే పోస్ట్‌గ్రెస్‌ని చంపేస్తుంది. ఎస్‌ఎస్‌డీ కాబట్టి ర్యాండమ్_పేజ్_కాస్ట్ 1.1. మ్యాక్స్_కనెక్షన్స్ 100 నుంచి 30కి దించుకోవచ్చు. మీ సైజు డేటాకి ఇంతకు మించి ట్యూనింగ్ అక్కర్లేదు.

వంశధార (నరసన్నపేట):

తెలుగు సంగతి నేను చెబుతాను. డేటాబేస్ చేసేటప్పుడే చూసుకోవాల్సింది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను లోపల ఏ కోడ్‌లతో దాచాలన్నది. పీఎస్‌క్యూఎల్ -ఎల్ కొడితే వచ్చే పట్టికలో యూటీఎఫ్8 అని ఉండాలి. సర్వర్ లొకేల్ (భాష, ప్రాంతం అమరిక) సరిగ్గా లేని మెషిన్ మీద ఎస్‌క్యూఎల్_ఆస్కీ అని వస్తుంది. అలా ఉంటే తెలుగు ఎక్కుతుంది, కనిపిస్తుంది కూడా, కానీ అక్షరాలు లెక్కపెట్టడం, కోయడం, వెతకడం అన్నీ బైట్ల మీద జరుగుతాయి. తర్వాత మార్చడం కుదరదు, డంప్ (మొత్తం డేటా ఒక ఫైలులోకి) తీసి కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించాల్సిందే. కాబట్టి నాగావళి గారి రెండో కమాండ్ బదులు, అడ్మిన్‌గా పీఎస్‌క్యూఎల్ లోపలికి వెళ్లి ఇలా కొట్టండి:

క్రియేట్ డేటాబేస్ లెక్కలు ఓనర్ జీడి టెంప్లేట్ టెంప్లేట్0 ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్8' లొకేల్_ప్రొవైడర్ ఐసీయూ ఐసీయూ_లొకేల్ 'టీఈ';

ఐసీయూ అంటే భాషల అక్షరక్రమం తెలిసిన లైబ్రరీ, టీఈ అంటే తెలుగు. టెంప్లేట్0 అనకపోతే టెంప్లేట్1 లొకేల్‌తో సరిపోలడం లేదని ఎర్రర్ ఇస్తుంది.

రెండోది, పేరు కాలమ్‌ని వార్‌చార్ 20, 30 అని బిగించకండి. పోస్ట్‌గ్రెస్ లెక్కలో ఒత్తు, గుణింతం, పొల్లు అన్నీ వేర్వేరు అక్షరాలు. 'శ్రీ' అంటే మనకు ఒక్కటి, దానికి నాలుగు. 'శ్రీకాకుళం' పది. తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు కలిపితే 30 ఇట్టే దాటిపోతుంది. టెక్స్ట్ అని పెట్టేయండి, వేగంలో తేడా ఉండదు.

మూడోది అందరినీ ఏడిపించేది. 'రాజ్‌కుమార్' అని ఒకరు టైపు చేస్తారు, జ్ తర్వాత కంటికి కనిపించని జోడింపు తెంచే గుర్తు పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే వేస్తాయి, కొన్ని వేయవు. అది లేకపోతే 'రాజ్కుమార్' అని ఒత్తు పడుతుంది. ఫాంటు సరిగ్గా లేని చోట ఈ రెండూ తెర మీద ఒక్కలాగే కనిపించవచ్చు కూడా. డేటాబేస్‌కి మాత్రం ఇవి రెండు వేర్వేరు పేర్లు. ఒకే రైతుకి రెండు ఖాతాలు తెరుచుకుంటాయి, బాకీ ఒకదాంట్లో, చెల్లింపు ఇంకోదాంట్లో పడుతుంది. ఐత్వం కూడా అంతే. ఒకే కోడ్‌గా రావచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు కలిపిన రెండు కోడ్‌లుగానూ రావచ్చు.

మందు ఏమిటంటే, పేరు ఉన్నది ఉన్నట్టు ఒక కాలమ్‌లో ఉంచి, వెతకడానికి ఇంకో కాలమ్ పెట్టండి. దాన్ని జెనరేటెడ్ ఆల్వేస్ యాజ్ అని చేస్తే తనంతట తానే నిండుతుంది. అందులో వాడాల్సినవి రెండు ఫంక్షన్లు. నార్మలైజ్ ఐత్వం లాంటి జంటలను ఒకటి చేస్తుంది, ఇది వెర్షన్ 13 నుంచి ఉంది. రిప్లేస్‌తో 200సీ, 200డీ కోడ్‌లు ఉన్న గుర్తులను తీసేయాలి. పనిలో పనిగా చివర ఖాళీలను ట్రిమ్‌తో కత్తిరించండి. వెతికే మాటకి కూడా అదే దెబ్బ వేసి పోల్చాలి. పేరు, తండ్రి పేరు, ఊరు మూడింటి మీద యూనిక్ (ఒకే వివరం రెండుసార్లు రానివ్వని నియమం) పెడితే ఈ కాలమ్ మీదే పెట్టండి, అసలు పేరు మీద కాదు.

ఎక్సెల్‌లోని తెలుగు యూనికోడేనా అన్నది ముందే చూసుకోండి. పాత అను ఫాంట్లలో కొట్టి ఉంటే అవి నిజానికి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ గుర్తులకు తెలుగు ముసుగు. ఒక సెల్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. పిచ్చి గీతలు వస్తే ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక అన్ని పేర్లూ ఒకసారి కంటితో చదవండి, కొన్ని ఒత్తులు తప్పుతాయి.

తూకం న్యూమరిక్ 10,3, డబ్బు న్యూమరిక్ 12,2. ఫ్లోట్ వాడకండి, పైసలు కలవవు. ధర 80 కిలోల బస్తాకి చెప్పుకుంటాం కదాని బస్తాల సంఖ్య ఒక్కటే పెట్టుకోవద్దు. కిలోలు దాచి, బస్తాకి ఎన్ని కిలోలో ఇంకో కాలమ్‌లో ఉంచండి. రేపు ఎవరైనా వేరే బస్తా తెస్తే పాత లెక్క కదలదు.

రాజాం:

అంత తతంగం ఎందుకండీ, ప్రోగ్రామును డబ్బాలో పెట్టినట్టు విడిగా నడిపే డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ ఒక్క కమాండ్‌తో లేస్తుంది కదా. చెడితే తీసేసి మళ్లీ వేసుకోవచ్చు.

కోట జంక్షన్ (విజయనగరం):

రాజాం గారూ, నేర్చుకోవడానికి డాకర్ బాగుంటుంది. బాకీల లెక్క ఉన్న మెషిన్ మీద రెండు చోట్ల దెబ్బ కొడుతుంది. వాల్యూమ్ (డేటాని ఆ డబ్బా బయట దాచే చోటు) ఇవ్వడం మర్చిపోయి కంటైనర్ (ఆ డబ్బా) తీసేస్తే డేటా ఎటు పోయిందో కొత్తవాళ్లు వెతుక్కోలేరు. ఇంకోటి అంతకంటే పెద్దది. డాకర్‌లో -పీ 5432:5432 అని పోర్టు తెరిస్తే అది యూఎఫ్‌డబ్ల్యూని దాటుకుని పోతుంది. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్ అంతా మూసి ఉందనే చెబుతుంది, పోర్టు మాత్రం తెరిచే ఉంటుంది. వాడాలనుకుంటే 127.0.0.1 ముందు పెట్టి ఆ మెషిన్ వరకే కట్టండి.

ఇక కరెంటు. పోస్ట్‌గ్రెస్ ఆగిపోవడానికి భయపడనక్కర్లేదు. ప్రతి మార్పునీ ముందు వాల్ అనే లాగ్‌లో రాసి, అది డిస్క్‌కి చేరిందని తేలాకే మీకు కమిట్ అయిందని చెబుతుంది. కరెంటు పోయి వచ్చాక లాగ్‌లో 'డేటాబేస్ సిస్టమ్ వాజ్ నాట్ ప్రాపర్లీ షట్ డౌన్. ఆటోమేటిక్ రికవరీ ఇన్ ప్రోగ్రెస్' అని వస్తుంది. అది తన పని తాను చేసుకోవడమే. ఆ సమయంలో మెషిన్‌ని మళ్లీ ఆపకండి. పోస్ట్‌మాస్టర్.పీఐడీ ఫైలును, పీజీ_వాల్ ఫోల్డర్‌లోని ఫైళ్లను చేత్తో తీసేయకండి. చోటు లేదని పీజీ_వాల్ ఖాళీ చేస్తే డేటాబేస్ ఇక లేవదు.

ఇదంతా డిస్క్ నిజం చెబితేనే. కొన్ని చవక డిస్క్‌లు రాయకముందే రాసేశామంటాయి. దాన్ని పట్టుకోవడానికి పోస్ట్‌గ్రెస్‌తోనే పీజీ_టెస్ట్_ఎఫ్‌సింక్ అనే పనిముట్టు వస్తుంది, యూఎస్‌ఆర్, లిబ్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, 16, బిన్ ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్ని డేటా ఉన్న డిస్క్ మీద నడపండి. 7200 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్ సెకనుకి 120 సార్లే తిరుగుతుంది. సెకనుకి వేలల్లో సింక్‌లు చూపిస్తే అది అబద్ధం ఆడుతున్నట్టే, దాని రైట్ క్యాష్‌ని హెచ్‌డీపార్మ్‌తో ఆపేయాలి. ఎస్‌ఎస్‌డీలకు ఇంత తేలికైన కొలత లేదు. కరెంటు పోయినప్పుడు కాపాడే కెపాసిటర్లు చాలా ఇంటి రకం ఎస్‌ఎస్‌డీలలో ఉండవు, అందుకే యూపీఎస్ కావాలి.

వేగం కోసం ఎఫ్‌సింక్ (రాసింది డిస్క్‌కి చేరేదాకా ఆగడం) ఆఫ్ చేయమని నెట్‌లో సలహాలు కనిపిస్తాయి. మన ప్రాంతంలో అది చేసిన డేటాబేస్ ఒక్క వానాకాలం దాటదు. మరీ అవసరమైతే సింక్రనస్_కమిట్ ఆఫ్ చేసుకోవచ్చు. దాని వల్ల కరెంటు పోయినప్పుడు చివరి అర సెకనుపైన పని పోవచ్చు గానీ డేటాబేస్ చెడదు. మీకు అదీ అక్కర్లేదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకని అడుగుతారు. ఇన్వర్టర్ మారడానికి పట్టే సమయం మామూలు మోడ్‌లో ఎక్కువ. ఫ్యాను ఆగినట్టే తెలియదు, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేసి చూడండి. దాంతో పాటు డెస్క్‌టాప్‌కి 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టండి. రౌటర్‌ని కూడా అందులోనే గుచ్చండి, లేదంటే సర్వర్ బతికి ఉన్నా ల్యాప్‌టాప్‌లకు దారి ఉండదు. కొనేటప్పుడు యూఎస్‌బీ పోర్టు ఉన్న మోడల్ అడగండి. చవక వాటిలో ఉండదు. అది ఉంటే నట్ అనే ప్యాకేజీ వేసి, బ్యాటరీ తగ్గగానే మెషిన్ తనంతట తానే పద్ధతిగా షట్‌డౌన్ అయ్యేలా పెట్టవచ్చు. లేకపోతే ఆ పని మనిషే చేయాలి. బయోస్‌లో కరెంటు తిరిగొచ్చాక ఏం చేయాలనే ఆప్షన్ ఉంటుంది. యూపీఎస్ లేనివాళ్లు దాన్ని ఆఫ్‌లో ఉంచడమే మేలు, వచ్చీ పోయే కరెంటుకి మెషిన్ పదిసార్లు లేచి పడుతూ ఉంటుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

చెక్‌సమ్‌లు ఆన్ చేయండి. డిస్క్ మీద పేజీ చెడితే చదివేటప్పుడే పట్టుకుంటుంది. వెర్షన్ 18 నుంచి కొత్త క్లస్టర్లకు తనంతట తానే ఆన్‌లో వస్తుంది, మీ 16లో రాదు. సర్వర్ ఆపి పీజీ_చెక్‌సమ్స్ --ఎనేబుల్ అని, -డీ (ఇది పెద్ద డీ) తర్వాత డేటా ఫోల్డర్ దారి ఇచ్చి, పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా ఒకసారి నడపాలి. డేటా ఎక్కించక ముందే చేస్తే క్షణాల్లో అయిపోతుంది.

బ్యాకప్ గురించి ఎంత చెప్పినా తక్కువే. నడుస్తున్న సర్వర్ డేటా ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు, రీస్టోర్ చేసినప్పుడు లేవకపోవచ్చు. పీజీ_డంప్ వాడండి:

పీజీ_డంప్ -ఎఫ్‌సీ -ఎఫ్ ఫైలుపేరు లెక్కలు

మొదటి ఎఫ్ పెద్దది, రెండోది చిన్నది. ఎవరూ పని ఆపక్కర్లేదు, మొదలుపెట్టిన క్షణానికి లెక్క ఎలా ఉందో అలాగే తీస్తుంది. యూజర్లు, పాస్‌వర్డ్‌లు ఇందులో రావు. వాటికి పీజీ_డంప్‌ఆల్ --గ్లోబల్స్-ఓన్లీ అని వేరే ఫైలు తీయాలి.

చాలామంది బ్యాకప్‌ని క్రాన్‌లో (చెప్పిన టైముకి కమాండ్ నడిపేది) రాత్రి రెండింటికి పెడతారు. ఇంటి మెషిన్‌ని రాత్రి ఆపేస్తారు కాబట్టి అది ఎప్పటికీ నడవదు. సిస్టమ్‌డీ టైమర్ పెట్టి పర్సిస్టెంట్=ట్రూ అని (మొదటి పీ పెద్దది) రాయండి, మెషిన్ లేవగానే తప్పిపోయిన బ్యాకప్ తీసుకుంటుంది. బయటి డిస్క్‌కి తీస్తుంటే స్క్రిప్ట్ మొదట్లో మౌంట్‌పాయింట్ -క్యూ తో డిస్క్ తగిలి ఉందో లేదో చూడాలి. తగిలి లేకపోతే అదే పేరున్న ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే అసలు డిస్క్ మీదకే రాస్తుంది. నెలల తరబడి బ్యాకప్ ఉందనే అనుకుంటాం.

నెలకొకసారి రీస్టోర్ చేసి చూడండి. క్రియేట్‌డీబీతో పరీక్ష అని ఒక డేటాబేస్ చేసి, పీజీ_రీస్టోర్ -డీ పరీక్ష అని ఫైలు ఇవ్వండి. తర్వాత రెండు డేటాబేస్‌లలోనూ మొత్తం కిలోలు, మొత్తం బాకీ కూడి పోల్చండి. వరుసల సంఖ్య ఒక్కటే చూస్తే సరిపోదు. రీస్టోర్ చేసి చూడని ఫైలుని బ్యాకప్ అని లెక్కపెట్టకండి.

ఒక కాపీ ఊరు దాటాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు సర్వరూ దాని పక్క డిస్కూ ఒకే గదిలో తడుస్తాయి. కాపీని జీపీజీతో పాస్‌వర్డ్ వేసి క్లౌడ్‌లో పెట్టండి, లేదా వారానికొకసారి వేరే ఊళ్లో ఉన్న మీవాళ్ల ఇంటికి పంపండి. ఆ పాస్‌వర్డ్ సర్వర్‌లో మాత్రమే ఉంటే లాభం లేదు, కాగితం మీద రాసి పాస్‌బుక్కుల దగ్గర పెట్టుకోండి.

ఉద్దానం:

అందరికీ ధన్యవాదాలండీ. ఉబుంటు, పోస్ట్‌గ్రెస్ వేశాం, తెలుగు డేటాబేస్ కూడా వంశధార గారు చెప్పినట్టే అయింది. సర్వర్ మీద బాగా నడుస్తోంది. ఒక ల్యాప్‌టాప్ నుంచి 'నో పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఎంట్రీ ఫర్ హోస్ట్' అని వస్తోంది. రెండోదాంట్లో చాలాసేపు తిరిగి టైమ్ అవుట్ అంటోంది. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ ఎక్కిస్తే తేదీల దగ్గర ఆగిపోతోంది. ఇంకోటి, మా అబ్బాయి విశాఖలో ఉంటాడు, అక్కడి నుంచి చూడొచ్చా?

నాగావళి:

ఎర్రర్ మాటలే దారి చెబుతాయి. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే మెషిన్ దొరికింది, ఆ పోర్టు మీద ఎవరూ వినడం లేదు. లిజన్_అడ్రెసెస్ చూడాలి, మార్చాక రీస్టార్ట్ చేశారో లేదో చూడాలి. టైమ్ అవుట్ అంటే మాట అక్కడిదాకా చేరనే లేదు. అది ఫైర్‌వాల్, లేదా రౌటర్. 'నో ఎంట్రీ' అంటే పోస్ట్‌గ్రెస్ దాకా వెళ్లారు, హెచ్‌బీఏలో మీకు సరిపోయే వరుస లేదు. 'పాస్‌వర్డ్ అథెంటికేషన్ ఫెయిల్డ్' అంటే ఆ మూడూ దాటారు, పాస్‌వర్డో యూజర్ పేరో తప్పు.

మొదటి ల్యాప్‌టాప్ ఎర్రర్‌లోనే దాని ఐపీ, యూజర్ పేరు, డేటాబేస్ పేరు ఉంటాయి. ఆ మూడింటినీ మీరు రాసిన వరుసతో అక్షరం అక్షరం పోల్చండి. ఐపీ 192.168.0తో మొదలైతే అదే కారణం. ఇంకో అనుమానం, డేటాబేస్ పేరు ఇవ్వకపోతే యూజర్ పేరుతోనే డేటాబేస్ వెతుకుతుంది. ఎర్రర్‌లో డేటాబేస్ 'జీడి' అని ఉందేమో చూడండి.

రెండోది గెస్ట్ వైఫై మీద ఉందేమో చూడండి. గెస్ట్ నెట్‌వర్క్‌లో, లేదా ఏపీ ఐసొలేషన్ ఆన్ చేసిన రౌటర్‌లో పరికరాలకు ఇంటర్నెట్ వస్తుంది గానీ ఒకదానికొకటి కనబడవు. సర్వర్ ఐపీని పింగ్ చేయండి. దానికీ పలకకపోతే పోస్ట్‌గ్రెస్ జోలికి వెళ్లక్కర్లేదు, రౌటర్ సంగతి చూడండి.

విశాఖ నుంచి చూడటానికి రౌటర్‌లో 5432 పోర్ట్ ఫార్వర్డ్ చేయకండి. అలా తెరిచిన పోర్టులను పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ తట్టే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. పైగా చాలా ఇంటి కనెక్షన్లు సీజీనాట్ (ఒకే బయటి ఐపీని ఇంటర్నెట్ కంపెనీ చాలా ఇళ్లకు పంచే పద్ధతి) వెనక ఉంటాయి. రౌటర్ వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే ఫార్వర్డ్ చేసినా పని చేయదు. మెషిన్‌లను ఇంటర్నెట్ మీద ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ రెండు మెషిన్‌ల మీదా వేయండి, సీజీనాట్ ఉన్నా కలుస్తుంది. హెచ్‌బీఏలో అబ్బాయి మెషిన్‌కి వచ్చిన టెయిల్‌స్కేల్ ఐపీ చివర /32 పెట్టి ఒక వరుస, ఆ ఐపీకే యూఎఫ్‌డబ్ల్యూలో ఒక అనుమతి. చూడటానికే కాబట్టి వేరే యూజర్ చేసి సెలెక్ట్ హక్కు మాత్రం ఇవ్వండి.

వంశధార:

తేదీల సంగతి. ఎక్సెల్‌లో 13-04-2025 అని ఉంటుంది. సర్వర్ నెల ముందు, రోజు తర్వాత అని చదివే అమరికలో ఉంటే 13వ నెల లేదని ఆగిపోతుంది. ఆగినందుకు సంతోషించండి. 05-04-2025ని ఆగకుండా మే 4గా తీసుకునేది, అది ఎవరికీ తెలిసేది కాదు. ఆల్టర్ డేటాబేస్ లెక్కలు సెట్ డేట్‌స్టైల్ టు 'ఐఎస్‌ఓ, డీఎంవై' అని కొట్టి, బయటికి వచ్చి మళ్లీ కనెక్ట్ అవ్వండి. ఇప్పటికే సగం ఎక్కిన టేబుల్ ఏదైనా ఉంటే ట్రంకేట్ చేసి, అంటే మొత్తం ఖాళీ చేసి, మొదటి నుంచి ఎక్కించండి.

తేదీ తర్వాత మీరు ఆగబోయేది డబ్బు కాలమ్ దగ్గర. 1,20,000 అని కామాలు ఉంటే న్యూమరిక్ తీసుకోదు. ఎక్సెల్‌లోనే ఆ కాలమ్ ఫార్మాట్‌ని జనరల్ చేసి సేవ్ చేయండి. సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాదు, సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని వేరేగా ఉంటుంది, అది ఎంచుకోండి. మామూలుది ఎంచుకుంటే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలు అవుతాయి. ఆ ఫైలు ఉన్న మెషిన్ నుంచి ఎక్కించేటప్పుడు కాపీ కాదు, వెనక గీతతో మొదలయ్యే \కాపీ వాడండి. వట్టి కాపీ ఫైలుని సర్వర్ డిస్క్‌లో వెతుకుతుంది.

ల్యాప్‌టాప్‌లలో ఎక్సెల్ నుంచే రిపోర్టులు చూస్తామంటే ఎక్సెల్‌ని పోస్ట్‌గ్రెస్‌తో కలిపే పీఎస్‌క్యూఎల్ఓడీబీసీ డ్రైవర్ వేయాలి. అది వేశాక జాబితాలో రెండు పేర్లు కనిపిస్తాయి, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఆన్సీ, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ యూనికోడ్. ఆన్సీ పైన ఉంటుంది కాబట్టి చెయ్యి దాని మీదకే పోతుంది, దాంతో తెలుగు రాదు. యూనికోడ్ ఎంచుకోండి. ఎక్సెల్ 32 బిట్ అయితే డ్రైవర్ కూడా 32 బిట్‌దే వేయాలి, విండోస్ 64 బిట్ అయినా సరే. ఎక్సెల్‌లో ఫైల్, అకౌంట్, అబౌట్ నొక్కితే ఎన్ని బిట్‌లో పై వరుసలోనే రాసి ఉంటుంది.